కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్: వైఫై ఎందుకు కనిపించదు?

కొత్త ల్యాప్‌టాప్ కొని, అందులో లినక్స్ వేసుకున్నవారికి తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. తెర వెలుగుతుంది, కీబోర్డు పనిచేస్తుంది, వైఫై మాత్రం కనిపించదు. అదే యంత్రంలో విండోస్ ఉన్నప్పుడు బాగానే వచ్చింది కాబట్టి చిప్ పాడైందని అనుకోలేం. ‘లినక్స్ ఈ యంత్రానికి పడదు’ అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. నిజానికి చాలాసార్లు కావలసిన డ్రైవర్ అప్పటికే తయారై ఉంటుంది. వారు వేసుకున్న లినక్స్‌లోకి అది ఇంకా చేరి ఉండదు, అంతే.

కంప్యూటర్ తన లోపలి భాగాలను ఎలా గుర్తుపడుతుందో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పీసీఐ మార్గానికి కలిపిన ప్రతి పరికరమూ తన గురించి రెండు సంఖ్యలు చెబుతుంది. ఒకటి తయారీ సంస్థది, రెండోది ఆ మోడల్‌ది. ఇంటెల్ సంస్థ సంఖ్య 8086. ఆ సంస్థ 1978లో తెచ్చిన ప్రసిద్ధ ప్రాసెసర్ పేరు కూడా అదే. రియల్‌టెక్ సంఖ్య 10ఈసీ. హెక్సాడెసిమల్ పద్ధతి కాబట్టి అంకెల మధ్య అక్షరాలూ వస్తాయి. లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్‌లో, ప్రతి డ్రైవర్ దగ్గరా తాను నడపగల పరికరాల సంఖ్యల పట్టిక ఉంటుంది. పరికరం చెప్పిన జంట ఏదో ఒక పట్టికలో దొరికితే ఆ డ్రైవర్ పనిలోకి దిగుతుంది. ఎక్కడా దొరకకపోతే, అక్కడ ఒక పరికరం ఉందని కెర్నెల్‌కు తెలుసు కానీ దాన్ని ఎలా నడపాలో తెలియదు.

విండోస్‌తో అమ్మే ల్యాప్‌టాప్‌లో ఆ డ్రైవర్లను తయారీదారే ముందుగా వేసి ఇస్తాడు. లినక్స్‌లో దారి వేరు. డ్రైవర్లలో అధికభాగం కెర్నెల్‌తోనే కలిసి వస్తాయి. కొత్త కెర్నెల్ సుమారు 9, 10 వారాలకొకటి విడుదలవుతుంది. కానీ డెబియన్ వంటివి స్థిరత్వం కోసం ఒక కెర్నెల్ వరుసను ఎంచుకుని, ఆ విడుదల ఉన్నన్నాళ్లూ దానికి ప్రధానంగా దోష, భద్రతా సవరణలే చేస్తూ పోతాయి.

రియల్‌టెక్ వారి ఆర్‌టీఎల్8852బీఈ అనే వైఫై చిప్ సంగతే తీసుకోండి. దాని డ్రైవర్ 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కెర్నెల్‌లో చేరింది. డెబియన్ 12 ఆ తర్వాత, జూన్‌లో విడుదలైంది. అయినా అది దీర్ఘకాల మద్దతు ఉన్న 6.1ను ఎంచుకుంది. ఫలితంగా జూన్‌లో వచ్చిన వ్యవస్థకు ఫిబ్రవరి నాటి డ్రైవర్ తెలియదు. ఇలాంటి వారి కోసమే డెబియన్‌లో ‘బ్యాక్‌పోర్ట్స్’ అనే ఏర్పాటు ఉంది. మిగతా వ్యవస్థను కదిలించకుండా కొత్త కెర్నెల్‌ను మాత్రం అక్కడినుంచి తెచ్చుకోవచ్చు. ఉబుంటు కూడా 5.15 కెర్నెల్‌తో మొదలైన తన 22.04కు, 2023 ఆగస్టులో వచ్చిన 22.04.3 ద్వారా 6.2ను అందించింది. మన సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ ఆధారంగా వచ్చినదే కాబట్టి, అక్కడా ముందు చూడాల్సింది కెర్నెల్ సంఖ్యే.

అయితే కెర్నెల్ కొత్తదైనా పని జరగకపోవచ్చు. నేటి వైఫై చిప్ లోపల ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. యంత్రం ఆన్ చేసినప్పుడల్లా డ్రైవర్ దానికి ఫర్మ్‌వేర్ అనే ఫైలును ఎక్కించాలి. డ్రైవర్ బహిరంగ సాఫ్ట్‌వేరే అయినా ఈ ఫైలు సోర్సును సంస్థలు చాలావరకు బయటపెట్టవు. అందుకే డెబియన్ చాలాకాలం దాన్ని తన అధికారిక ఇన్‌స్టాలర్‌కు దూరంగా ఉంచింది. 2022లో సభ్యులు ఓటు వేసి ఆ నియమం మార్చారు, డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ అందులోనే వస్తోంది. సిద్ధాంతానికి ఇది కొంత లోటే. కానీ నెట్‌వర్క్ లేని యంత్రంలో నెట్‌వర్క్ ఫైలు దించుకోమని కొత్తవారికి చెప్పడం కంటే మేలు.

లోపం ఏదో తేల్చుకోవడానికి రెండు ఆదేశాలు చాలు. ‘ఎల్ఎస్‌పీసీఐ’కి ‘ఎన్ఎన్‌కే’ అనే ఐచ్ఛికం చేర్చి నడిపితే పరికరం సంఖ్యలూ, దాన్ని నడుపుతున్న డ్రైవర్ పేరూ కనిపిస్తాయి. డ్రైవర్ పేరే లేకపోతే కొత్త కెర్నెల్ కావాలని అనుమానించాలి. పేరు ఉండీ వైఫై రాకపోతే ‘డీఎంఈఎస్‌జీ’ చూపే కెర్నెల్ సందేశాల్లో ఫర్మ్‌వేర్ ఎక్కలేదన్న ఫిర్యాదు వెతకాలి. దించుకోవడానికి నెట్ ఏదీ అంటారా? ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా ఏ డ్రైవరూ అదనంగా వేయకుండానే నెట్ వస్తుంది.

ఎవరో విడిగా పెట్టిన డ్రైవర్‌ను తెచ్చి కంపైల్ చేయడం చివరి దారిగా ఉంచుకోవడం మంచిది. కెర్నెల్ మారినప్పుడల్లా దాన్ని మళ్లీ కంపైల్ చేయాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, నమోదైన సంతకం లేని డ్రైవర్‌ను కెర్నెల్ చాలా పంపిణీల్లో లోపలికి రానివ్వదు.

ఉన్న విండోస్‌ను చెరిపేసే ముందు లినక్స్‌ను యూఎస్‌బీ డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి చూడవచ్చు. వైఫై ఒక్కటే కాదు, స్పీకర్లు, కెమెరా, వేలిముద్ర పరికరం, మూత వేసి తెరిచాక యంత్రం నిద్రలేస్తుందా లేదా అన్నదీ అప్పుడే చూసుకోవాలి. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కు ఎస్ఎస్‌డీయే కనబడదు. దానికి తరచూ కారణం బయాస్‌లో ఆన్ చేసి ఉన్న వీఎండీ అనే అమరిక. విండోస్‌ను కూడా ఉంచుకునేవారు ముందస్తు ఏర్పాట్లు లేకుండా దాన్ని మారిస్తే విండోస్ బూట్ కాకుండా పోవచ్చు కాబట్టి, ముందుగా ఫైళ్ల నకలు తీసుకోవాలి.