స్ప్రేయర్ మొరాయిస్తే ముందు కార్బొరేటర్ చూడండి

డ్రమ్ములో మందు కలిపి, మిరప చేలో దిగాక పవర్ స్ప్రేయర్ ఆగిపోతే ఎంత ఇబ్బందో గుంటూరు, ప్రకాశం రైతులకు చెప్పనక్కర్లేదు. 2021లో నల్ల తామర పురుగు పెట్టిన బాధ ఎవరూ మరువలేదు. చాలాసార్లు ఇంజను పాడవదు, కార్బొరేటర్‌లో చెత్త చేరుతుందంతే.

ఇంజను చల్లారాక, బీడీ దూరం పెట్టి ప్లగ్ విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. ట్యాంకు మూత గాలిరంధ్రం, కాక్, ఫిల్టరు చూడాలి. తడిసి ముద్దగా ఉంటే చోక్ మూసి ఉందేమో, ఫ్లోటు సూది కింద నలుసు పడిందేమో చూడాలి. చోక్ మూస్తే నడిచి, తెరవగానే ఆగుతుంటే జెట్టు పూడిందని అనుమానించాలి.

జెట్టును పెట్రోలుతో కడిగి గాలిపంపుతో కొట్టండి. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది. నోటితో ఊదొద్దు, దానికి పురుగుమందు అంటి ఉండొచ్చు.

థ్రాటిల్ లాగినా వేగం పెరగకపోతే కేబుల్ వదులైందేమో, పోగులు తెగాయేమో చూడండి. వదిలినా వేగం తగ్గకపోతే కేబుల్ పట్టేసి ఉండొచ్చు, వెంటనే ఇంజను ఆపండి. వేగం చాలకపోతే తుంపర ముతకగా పడుతుంది. ఆకు అడుగున, పూతలో దాగిన తామర పురుగుకు మందు తగలదు. ఖర్చు దండగ.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమ పీలుస్తుంది. అందుకే పని అయ్యాక కాక్ కట్టేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడపండి. చల్లారాక ట్యాంకులో మిగిలిన పెట్రోలు తీసేయండి. ఆయిలు మిషను పుస్తకంలో చెప్పిన పాళ్లలోనే కలపాలి. 25:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు.