ఆక్స్‌ఫర్డ్ కాలేజీ రికార్డుల్లో ఒక పల్లెటూరు

ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీలో మాబ్ క్వాడ్ అనే పాత ప్రాంగణం ఉంది. దాని మూలన 13వ శతాబ్దం చివర్లో కట్టిన ఖజానా గదికి పైకప్పు కూడా రాయితోనే వేశారు. దూలాలు, వాసాలతో ఇళ్లు కట్టుకునే కాలంలో అంత ఖర్చుకు ఓర్చుకున్నది నిప్పు భయంతోనే. వెండి సామాను పోతే మళ్లీ చేయించుకోవచ్చు, భూమి కాగితాలు కాలిపోతే భూమి మీద హక్కే పోతుంది. ఆ జాగ్రత్త ఫలించింది. ఏడు వందల ఏళ్లు దాటినా ఆ కాలేజీ పాత పత్రాలు పెద్ద ఎత్తున మిగిలాయి, ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉన్నాయి.

పాత కాలేజీ రికార్డు గది అనగానే గొప్ప శాస్త్రవేత్తల ఉత్తరాలు, పట్టాలు పుచ్చుకున్నవారి జాబితాలు, రాజముద్ర వేసిన శాసనాలు మన మనసులో మెదులుతాయి. అవీ ఉంటాయి. కానీ బీరువాలను నింపేవి కౌలు పత్రాలు, జమాఖర్చులు, వంటింటి లెక్కలు, మరమ్మతు బిల్లులు, సమావేశాల మినిట్సు, తగాదాల తీర్పులు. మామూలు మనుషుల చరిత్ర రాయాలనుకునేవాళ్లు ఇలాంటి గదులను వెతుక్కుంటూ వెళ్లేది వీటి కోసమే.

కాలేజీకి ఊళ్లెందుకు?

మెర్టన్ కాలేజీని 1264లో స్థాపించింది వాల్టర్ డి మెర్టన్. ఇంగ్లండు రాజు దగ్గర ఛాన్సలర్‌గా పనిచేసిన ఆయనకు పాలన, ఆస్తి వ్యవహారాలు క్షుణ్ణంగా తెలుసు. చదువుకునేవాళ్లకు భోజనం, బస శాశ్వతంగా దొరకాలంటే దాతల దయ మీద ఆధారపడితే కుదరదని, నిలకడైన రాబడి ఉండాలని ఆయన ఆలోచన. అందుకని కాలేజీ పేరిట ఊళ్లు సంపాదించి పెట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని కక్సం, లెస్టర్‌షైర్‌లోని కిబ్‌వర్త్ హార్‌కోర్ట్ అలా వచ్చినవే. కిబ్‌వర్త్ యజమాని రాజు మీద తిరుగుబాటు చేసిన పక్షాన నిలబడి చిక్కుల్లో పడ్డాడు. 1270 ప్రాంతంలో ఆ ఊరు కాలేజీ చేతికి వచ్చింది. 1274లో వాల్టర్ రాసి ఇచ్చిన నిబంధనల ప్రకారం కాలేజీ ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడింది.

అంటే కాలేజీ మొదటి రోజు నుంచీ భూస్వామి. భూస్వామికి దస్తావేజు కావాలి, కౌలు లెక్క కావాలి, ఎవరు ఎంత బాకీ ఉన్నారో తెలియాలి, కోర్టులో చూపించడానికి రుజువు ఉండాలి. భావితరాల చరిత్రకారుల కోసం ఆ రోజుల్లో ఎవరూ ఏదీ దాచలేదు, ఆస్తి కాపాడుకోవడానికి దాచుకున్నారు. ఆ అవసరమే ఈ కాగితాలకు విలువ తెచ్చిపెట్టింది. లోకానికి గొప్పగా కనపడాలని రాసినవాటిలో పొగడ్తలుంటాయి. లెక్క తేలడానికి రాసినవాటిలో కోడిగుడ్ల సంఖ్య కూడా ఉంటుంది.

కక్సం లెక్కలు

కక్సం లెక్కనే దగ్గరగా చూద్దాం. ఊళ్లో కాలేజీ సొంత సేద్యాన్ని చూసుకునే మనిషిని రీవ్ అనేవారు. అతనూ ఆ ఊరి రైతే, భూమికి కట్టుబడి స్వామికి వెట్టి చేయాల్సిన తరగతివాడు. ఒకప్పుడు మన ఊళ్లలో కరణం రాసే దండకవిలె ఎంత ముఖ్యంగా ఉండేదో, ఆ ఊరికి రీవ్ లెక్క అంత ముఖ్యం. తేడా ఏమిటంటే రీవ్‌కు సాధారణంగా చదవడం, రాయడం రాదు. ఏడాది పొడవునా కర్రల మీద గాట్లు పెట్టుకుని, జ్ఞాపకం ఉంచుకుని, సెప్టెంబరు 29న వచ్చే సెయింట్ మైకేల్ పండగ నాటికి ఒప్పజెప్పాలి. గుమాస్తా దాన్ని లాటిన్‌లో, శుభ్రం చేసి ఆరబెట్టిన జంతు చర్మం మీద రాసి, చుట్టలా చుట్టి పెట్టేవాడు.

చుట్ట విప్పితే పైవైపు డబ్బు లెక్క. ముందు జమ: కౌళ్లు, ధాన్యం అమ్మకం, మిల్లు రాబడి, ఊరి కోర్టులో వేసిన జరిమానాలు. తర్వాత ఖర్చు: నాగళ్లు, బళ్లు, కప్పుల మరమ్మతు, కూలీలు. వెనక్కి తిప్పితే వస్తువుల లెక్క. గోధుమ ఎంత పండింది, విత్తనానికి ఎంత తీశారు, పనివాళ్లకు ఎంత కొలిచారు, ఎంత అమ్మారు. ఎద్దులు, గుర్రాలు, పందులు, బాతులు, గుడ్లు, పావురాలు కూడా వరసగా వస్తాయి. కాలేజీ నుంచి వచ్చినవాళ్లు ఈ లెక్కను ఆడిట్ చేసి, నమ్మబుద్ధి కాని ఖర్చు కొట్టేసి పక్కన తక్కువ అంకె వేసేవారు. ఆ కొట్టివేతలు అలాగే మిగిలాయి కాబట్టి, రీవ్ ఎంత అడిగాడో, ఎంతకు ఒప్పుకోవాల్సి వచ్చిందో ఇప్పటికీ తెలుస్తుంది.

ఒక లెక్కలో తిరగలి రాళ్ల బేరం ఉంది. 1331 ప్రాంతంలో కక్సం రీవ్ రాబర్ట్ ఓల్డ్‌మన్ నీటి మిల్లుకు రాళ్లు కొనడానికి లండన్ వెళ్లాడు. ఐదు రాళ్లు బేరం చేశాడు. ఒక్కోటి 3 పౌండ్ల 3 షిల్లింగుల 4 పెన్నీలు, మొత్తం 15 పౌండ్ల 16 షిల్లింగుల 8 పెన్నీలు. బేరం కుదిరినందుకు ఇచ్చిన బయానా, అమ్మినవాళ్లతో కలిసి తాగిన వైన్ ఖర్చు కూడా పద్దులో చేరాయి. రాళ్లను థేమ్స్ నది మీద పడవలో హెన్లీ దాకా తెచ్చి, అక్కడి నుంచి బళ్లకు ఎత్తించారు. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. ఆ రోజుల్లో వడ్రంగికి రోజుకు 3 పెన్నీల దాకా కూలి గిట్టేది. అంటే ఒక్క రాయి ధర వడ్రంగికి సుమారు 250 రోజుల కూలి. మిల్లు అనేది ఎంత పెట్టుబడితో కూడిన పనో, ఒక పల్లెటూరి రైతు ఎంత పెద్ద వ్యవహారం చక్కబెట్టుకు రాగలిగాడో ఈ ఒక్క పద్దు చెబుతుంది.

ఓల్డ్‌మన్ 1311 నుంచి రీవ్‌గా ఉన్నాడు. 1349లో చనిపోయాడు. అది ప్లేగు ఇంగ్లండును తుడిచిపెట్టిన సంవత్సరం. కక్సంలో భూమికి కట్టుబడిన రైతులు పన్నెండు మంది ఉండేవారు. ఏడాది మొదట్లో బతికున్న ఆ పన్నెండు మందిలో ఏడాది చివరికి ఒక్కరూ మిగల్లేదు. మతబోధకులు ప్లేగును దేవుడి ఆగ్రహం అన్నారు, చరిత్ర రాసినవాళ్లు పెద్ద పెద్ద మాటలు వాడారు. లెక్కల చుట్టలో అలాంటి మాట ఒక్కటీ ఉండదు. ఖాళీ పడిన పొలాలు, రాని కౌలు, పెరిగిన కూలి అంకెల్లో కనిపిస్తాయి. ఈ లెక్కల ఆధారంగానే పి.డి.ఎ. హార్వీ 1965లో కక్సం మీద ఒక పుస్తకం వెలువరించారు. కిబ్‌వర్త్ మీద సిసిలీ హోవెల్ పరిశోధన 1983లో వచ్చింది. అదే ఊరిని తీసుకుని 2010లో మైకేల్ వుడ్ బీబీసీకి ఒక టీవీ ధారావాహిక చేశారు.

వంటింటి పద్దులో నాటకకర్త

భూముల లెక్కలు ఊళ్ల గురించి చెబితే, తిండి లెక్కలు కాలేజీలో ఉన్నవాళ్ల గురించి చెబుతాయి. కేంబ్రిడ్జిలోని కార్పస్ క్రిస్టీ కాలేజీలో 1580ల్లో క్రిస్టఫర్ మార్లో చదివాడు. షేక్స్‌పియర్ ఈడువాడు, గొప్ప నాటకకర్త. హాజరున్న వారానికి ఒక షిల్లింగు చొప్పున అతనికి స్కాలర్‌షిప్ వచ్చేది. ఆ చెల్లింపుల పద్దులో వారాల తరబడి ఖాళీలున్నాయి. రొట్టె, బీరు ఇచ్చే కొట్టు లెక్కలో అతని ఖర్చు కొన్నాళ్లు బాగా పెరిగింది. 1587లో అతనికి ఎం.ఏ. పట్టా ఇవ్వడానికి విశ్వవిద్యాలయం తటపటాయిస్తే, రాణి మంత్రిమండలే కలగజేసుకుని అతను ప్రభుత్వానికి మంచి సేవ చేశాడని చెప్పింది. ఆ సేవ గూఢచర్యమేనని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకానికి ఒక ఆధారం వంటింటి గుమాస్తా వేసుకున్న అంకెలు.

ఇటు మెర్టన్‌లో ఫెలోలు (కాలేజీలోని పండిత సభ్యులు) ఎవరెవరు ఏయే పుస్తకాలు తీసుకున్నారో చెప్పే 14వ శతాబ్దపు జాబితాలున్నాయి. 1483 నుంచి కాలేజీ నిర్ణయాలు రాసిన రిజిస్టరు ఉంది. పుస్తకాల జాబితా చూస్తే ఆ తరం ఏమి చదివిందో తెలుస్తుంది, రిజిస్టరు చూస్తే దేని మీద గొడవ పడిందో తెలుస్తుంది.

అంకెల నుంచి చరిత్ర

ఈ జమాఖర్చులు ఒక శాస్త్రానికే దారి తీశాయి. ఆక్స్‌ఫర్డ్ అర్థశాస్త్ర ఆచార్యుడు థొరాల్డ్ రోజర్స్ కాలేజీల పాత లెక్కలు తిరగేసి, గోధుమ, ఉప్పు, ఇనుము ధరలు, వడ్రంగి కూలి, తాపీ పని కూలి ఏడాదివారీగా రాసుకుంటూ పోయాడు. ఇంగ్లండులో వ్యవసాయం, ధరల చరిత్ర మీద ఆయన గ్రంథం 1866 నుంచి 1902 వరకు ఏడు సంపుటాలుగా వెలువడింది. చివరిది ఆయన పోయాక వచ్చింది. ప్లేగు తర్వాత మనుషులు తక్కువై కూలి పెరిగిందని, 15వ శతాబ్దంలో కూలి మనిషి తర్వాతి తరాలవారి కంటే మెరుగ్గా తిన్నాడని ఆయన వాదించాడు. ఆ వాదన మీద నేటికీ చర్చ సాగుతోంది. చర్చకు పునాది మాత్రం ఆ తోలు చుట్టల్లోని అంకెలే.

చెప్పనివి, చెరిగిపోయేవి

అయితే ఈ కాగితాలు రాయించుకున్నవాడి వైపు నుంచే మాట్లాడతాయి. ఓల్డ్‌మన్ ఖర్చులన్నీ తెలుస్తాయి, అతని మాట ఒక్కటీ వినిపించదు. అతని భార్య ఏమి పండించిందో, ఏమి వండిందో లెక్కలోకి రాదు. భర్త పోయి పొలం చేతికి వచ్చినప్పుడో, జరిమానా పడినప్పుడో ఆడవాళ్ల పేర్లు ఎక్కుతాయి. మెర్టన్ మహిళా విద్యార్థులను చేర్చుకున్నది 1980లో మాత్రమే. కాబట్టి ఉన్న అంకెతో పాటు లేని పేరు గురించీ అడగడం చదివేవాళ్ల బాధ్యత.

కాపాడేవాళ్ల బాధ్యత ఇంకోటి. ఆర్కైవ్స్ సిబ్బంది పాటించే మొదటి సూత్రం, కాగితాలు ఏ వరసలో దొరికాయో ఆ వరస చెడగొట్టకూడదు. ఒక రశీదు ఏ కట్టలో ఉందో తెలిస్తేనే అది ఏ పనికి, ఎవరి హయాంలో ఇచ్చిందో తెలుస్తుంది. కట్ట విప్పి అందమైనవి ఏరి పెడితే మిగిలేది బొమ్మల కొలువే. చదివే గదిలో పెన్ను నిషేధం, పెన్సిలే వాడాలి. చలి, వేడి, తేమ హద్దుల్లో ఉంచుతారు. బతికున్నవాళ్ల వివరాలున్న ఫైళ్లను ఏళ్ల తరబడి బయటపెట్టరు. చర్మం మీద రాసిన 13వ శతాబ్దపు లెక్క నిలిచింది కానీ, 19వ శతాబ్దం మధ్య నుంచి వచ్చిన చవక కాగితం దానిలోని ఆమ్లం వల్ల తనంత తానే పెళుసై పొడిగా రాలిపోతుంది. ఇవాళ్టి ఈమెయిళ్లు, కంప్యూటర్ ఫైళ్లు అంతకంటే త్వరగా మాయమవుతాయి.

మన సంగతి

ఇలాంటి విదేశీ కాలేజీలతో మనకు నేరుగా సంబంధాలున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కాలేజీలో చదివారు. ఆయన తర్వాత 1931లో ఆ పదవి చేపట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్, 1936 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడిగా ఉంటూ ఆల్ సోల్స్ కాలేజీ ఫెలోగా ఉన్నారు. అక్కడి వారి జీవితం గురించి రాయాలనుకునేవాళ్లు మొదట అడగాల్సింది ఆ కాలేజీల ఆర్కైవ్స్‌నే.

మన దగ్గరా పాత కాలేజీలున్నాయి. మచిలీపట్నం నోబుల్ కాలేజీ మూలాలు 1843 నాటివి. విజయనగరం మహారాజా కాలేజీలో గురజాడ చదివారు, పాఠాలు చెప్పారు. కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపల్‌గా ఉన్నారు. హైదరాబాద్ నిజాం కాలేజీ 1887లో మొదలైంది. ఇలాంటి చోట్ల మహనీయుల ఫొటోలు గోడకు తగిలిస్తే సరిపోదు. అడ్మిషన్ రిజిస్టరు ఉంటే ఏ ఊళ్ల నుంచి, ఏ కులాల నుంచి, ఏ ఏడు నుంచి పిల్లలు చదువుకు వచ్చారో తెలుస్తుంది, మొదటి ఆడపిల్ల ఎప్పుడు చేరిందో తెలుస్తుంది. హాస్టల్ మెస్ లెక్క ఉంటే బియ్యం, పప్పు, కిరసనాయిలు ధరల చరిత్ర ఉన్నట్టే. ఫీజు మాఫీ కోరుతూ తండ్రులు పెట్టుకున్న అర్జీలు ఉంటే కరువు ఏ ఇంటిని ఎలా తాకిందో చదవవచ్చు.

దీనికి కోట్ల రూపాయలు అక్కర్లేదు. స్టాకు గది ఖాళీ చేసేటప్పుడు పాత రిజిస్టర్లను తూకానికి వేయకుండా ఆపే ప్రిన్సిపల్ ఒకరు, చెద పట్టని ఒక పొడి గది, ఏ కట్టలో ఏముందో రాసిన ఒక జాబితా కావాలి. నాలుగో అవసరం, ఆ జాబితా ఎవరడిగినా చూపించే అలవాటు. మెర్టన్‌కు రాతి కప్పు అవసరమైంది, మనకు ముందుగా కావలసింది పారేయకూడదన్న నిర్ణయం. ఆ నిర్ణయం ఈ విద్యాసంవత్సరంలోనే తీసుకోవచ్చు.