మీకు తెలుసా? గుండెను తిరిగి పెంచుకునే చేప

జీబ్రాఫిష్ గుండె కింది గదిలో ఐదో వంతు కోసేసినా రెండు నెలల్లో మళ్లీ పెరుగుతుంది. ఈ సంగతి 2002లో బయటపడింది. మచ్చ కూడా దాదాపు మిగలదు! గాయం దగ్గరి కండర కణాల్లో, పిండదశలో గుండెను కట్టడానికి తోడ్పడిన గాటా4 జన్యువు నియంత్రణ భాగం మళ్లీ చురుకవుతుంది. కణాలు విభజన మొదలుపెడతాయి.

గాటా4 మనకూ ఉంది. అందులో లోపం వల్లే కొందరు పిల్లలు గుండె గదుల మధ్య గోడలో రంధ్రంతో పుడతారు. అయినా గుండెపోటు తర్వాత పెద్దవాళ్ల గుండెలో కొత్త కండరం బదులు మచ్చే ఏర్పడుతుంది.

అందుకే 2016 నాటి ఫలితం నాకు ఎంతో ఆశ కలిగిస్తుంది. గాయమైన చోట మరో జన్యువును మేల్కొలిపే డీఎన్ఏ స్విచ్‌ను అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ చేపలో గుర్తించారు. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల గాయపడిన గుండెల్లోనూ అది పనిచేసింది.