పునరుత్థాన శబ్దవిచారము

హైదరాబాదునకుఁ బశ్చిమమున మాదాపురము, గచ్చిబౌలి, కొండాపురము మున్నగు గ్రామసీమలు 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట హైటెక్ సిటీ యను నూతననగరమైనవి. అచ్చట స్థిరపడిన తెలుఁగు క్రైస్తవుల బిడ్డలు పెక్కండ్రు ఆంగ్లమునఁ జదువుకొనువారు. వారికి ఇంటఁ బెద్దలు పలుకు 'పునరుత్థానము' వినఁబడినప్పుడు 'పునర్జన్మము' అని తోఁచుట సులభము. పాఠశాలా పండితుఁడు సయితము ఈ రెండింటిని బర్యాయపదములుగాఁ జెప్పెనా, ఒక మతముయొక్క మూలసిద్ధాంతము తలక్రిందగును.

గతినివృత్త్యర్థకమైన స్థాధాతువునకు ముందు ఉదుపసర్గము చేరఁగా, పాణినీయమున 8-4-61వ సూత్రముచే సకారమునకుఁ బూర్వసవర్ణము వచ్చి 'ఉత్థానము' సిద్ధించును. పడినది లేచి నిలుచుట యని యర్థము. గ్రీకుమూలమున నీభావమునకు 'అనాస్తాసిస్' అను పదము గలదు. అందలి ధాతువు మన స్థాధాతువునకు సోదరమని భాషాశాస్త్రజ్ఞుల సిద్ధాంతము. 'అన' అను నుపసర్గమునకు 'మీఁదికి' అనియు 'మరల' అనియు రెండర్థములు గలవు. మొదటిదానికి ఉదుపసర్గము, రెండవదానికిఁ 'బునః' శబ్దము చక్కఁగా నమరినవి. ఇంతటి ధాతుసామ్యము లాటిను 'రెసురెక్తియో' శబ్దమునందును లేదు.

జన్మమునకు మాతృగర్భము కావలయును. దేహియొక్కఁడే, దేహములు పెక్కు. ఉత్థానమున నట్లు గాదు. మనుష్యునకు జన్మ మొక్కటే, మరణ మొక్కటే. ఏ దేహము భూమిలోఁ బెట్టఁబడెనో అదియే యంత్యదినమున రూపాంతరము నొంది లేచునని క్రైస్తవుల విశ్వాసము. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో (15వ అధ్యాయము) విత్తనమును దృష్టాంతముగాఁ జూపెను. విత్తు నశించినట్లుండియు మొలకగా లేచును. మొలక విత్తువంటిది గాదు, విత్తునకన్యమును గాదు. యోహాను సువార్తలో నికొదేమునకుఁ జెప్పఁబడిన నూతనజన్మమో, బ్రదికియుండఁగనే కలుగు నాత్మపరివర్తనము. అదియును బునర్జన్మము గాదు.

కావుననే వారి వ్యవహారమున మృతుఁడు 'ప్రభువునందు నిద్రించెను'. శ్మశానవాచకమైన గ్రీకుపదమునకు సయితము 'నిద్రాస్థానము' అనియే యర్థము. భూస్థాపనమునందలి యాదరమునకుఁ గారణ మిదియే. కతోలికులకు దహనము 1963లో ననుమతింపఁబడినను, భస్మమును జల్లుటయు, నింట నుంచుకొనుటయుఁ గూడదని 2016లో రోమునుండి యాదేశము వెలువడినది.

మరణమునకును నంత్యదినమునకును నడుమ నాత్మ యెక్కడ నుండును? ఈ ప్రశ్నమున సంఘములకు నేకవాక్యత లేదు. విశ్వాసియాత్మ వెంటనే క్రీస్తుసన్నిధిని, పరదైసునఁ జేరునని ప్రొటెస్టంటులలోఁ బెక్కుర మతము. సెవెంత్ డే అడ్వెంటిస్టులు పునరుత్థానమువఱకు మృతులకుఁ జైతన్యమే లేదందురు. కతోలికులు శుద్ధి కావలసిన యాత్మలకు 'ఉత్తరించు స్థలము' గలదందురు. దాఁటుట యను ధాత్వర్థ మిందు సార్థకము, అచ్చటనే నిలిచిపోవు నాత్మ లేదు గనుక. నవంబరు 2వ తేదీని, సమాధుల పండుగనాఁడు, నారాయణగూడ శ్మశానవాటికలోఁ బూలు, క్రొవ్వొత్తులు పెట్టి ప్రార్థించువారిలో ఈ మతభేదము లన్నియుఁ గలవారుందురు.

ఇఁక లోకవాచకములు. విశాఖపట్టణమున క్రాన్, డెగ్రాంజి అను లండను మిషనువారు ఆనందరాయని తోడ్పాటుతోఁ దెనిగించిన మూఁడు సువార్తలు 1812లో సేరంపురమున ముద్రితములైనవి. తర్వాత ననువాదములు పెక్కు వచ్చినవి. నేఁడు వాడుకలోనున్న తెలుఁగు బైబిలున 'స్వర్గము'నకు బదులు 'పరలోకము' గ్రహింపఁబడినది. పుణ్యము క్షయింపఁగాఁ దిరిగి రావలసిన స్వర్గము నిత్యజీవమునకుఁ జాలదు గనుక నిది యుచితమే. కాని పురాణములలోని నరకమును నంతమగునదియే గదా! 'షెయోల్', 'హేడీస్' పదములకుఁ 'బాతాళము' అనియు, 'గెహెన్నా'కు 'నరకము' అనియు వాడిరి. స్వర్గమునందుఁ జూపిన జాగరూకత నరకమునందుఁ జూపలేదు. అందుచే 'నరకము' అని చదివిన హిందూబాలుఁడు కాలపరిమితిగల శిక్షను, క్రైస్తవబాలుఁడు నిత్యశిక్షను భావించును. తెలుఁగు వాచకము చేతఁబట్టిన యుపాధ్యాయుఁడు ఈ భేదమును నోటితోనే చెప్పవలసియున్నది.