మేనమామ చూపు సంగతి

శివరాత్రి తిరునాళ్లలో కోటప్పకొండ కింద విద్యుత్ ప్రభలు బారులు తీరతాయి. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు అటే చూస్తున్నాడనుకుందాం. పక్కన జనం కనిపిస్తారు, కొండ అంచు కనిపిస్తుంది. చూపు నిలిపిన చోట మాత్రం మసక మచ్చ, అందులో ప్రభ మాయం. నొప్పి లేదు, ఎరుపు లేదు. కొన్ని వారాల్లోనో నెలల్లోనో రెండో కన్నూ అదే దారి పడుతుంది.

జర్మన్ వైద్యుడు థియోడర్ లెబర్ 1871లో వివరించిన జబ్బు ఇది. పేరు లెబర్ వంశపారంపర్య నేత్రనాడి వ్యాధి. దీని మూలం 1988లో జన్యు శాస్త్రవేత్త డగ్లస్ వాలెస్ బృందానికి దొరికింది.

రెటీనాలోని గాంగ్లియన్ కణాల పోగులు పది లక్షలకు పైగా కలిసి కంటి నరం అవుతాయి. కంటిలోపల ఉన్నంతమేర వాటికి మైలిన్ తొడుగు ఉండదు. తొడుగు లేని పోగులో సంకేతం నడవాలంటే శక్తి ఎక్కువ కావాలి, అందుకే అక్కడ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా గుమిగూడి ఉంటాయి. మైటోకాండ్రియాకు 16,569 అక్షరాల సొంత డీఎన్ఏ ఉంది. అందులో 11778వ చోట ‘జి’ బదులు ‘ఎ’ పడితే ఒక ప్రొటీన్‌లో ఆర్జినిన్ పోయి హిస్టిడిన్ చేరుతుంది. ఇంత చిన్న మార్పుకే శక్తి తయారీలో మొదటి యంత్రమైన కాంప్లెక్స్-1 కుంటుపడుతుంది. జనరేటర్ నీరసిస్తే బల్బులు బాగున్నా ప్రభ వెలగదు కదా, ఇదీ అంతే. నడిమి చూపును మోసే సన్నటి పోగులు ముందు చచ్చిపోతాయి.

కంటిపాపను ముడిపించే మెలనాప్సిన్ కణాలు మాత్రం చాలావరకు బతికిపోతాయి. టార్చి వేస్తే పాప ముడుచుకుంటుంది. దాంతో ‘కన్ను బాగానే ఉంది, నాటకమాడుతున్నాడు’ అన్న మాట పడే ప్రమాదం ఉంది. చూపు పోయిన పిల్లవాడికి అంతకన్నా అన్యాయం ఏముంటుంది?

మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయి. తల్లికి చూపు బాగానే ఉండవచ్చు. ఈ మార్పు ఉన్న మగవాళ్లలో దాదాపు సగం మందికి, ఆడవాళ్లలో పదిమందిలో ఒకరికి చూపు పోతుందని చాలాకాలంగా చెబుతున్న లెక్క. కాబట్టి ఆచూకీ మేనమామ దగ్గర దొరుకుతుంది. ఆయనలోనూ, మేనల్లుడిలోనూ ఉన్నవి ఆ మేనల్లుడి అమ్మమ్మ మైటోకాండ్రియానే. మేనల్లుడు మేనమామ కూతుర్ని చేసుకుంటే పిల్లలకు వచ్చేది ఆ పిల్ల తల్లి వైపుది. మేనమామే అక్క కూతుర్ని చేసుకుంటే మాత్రం పిల్లలందరికీ ఈ మార్పు చేరుతుంది. ఆ అమ్మాయి బయటి సంబంధం చేసుకున్నా చేరేదే. మేనరికం వల్ల ముప్పు పెరిగేది రెటినైటిస్ పిగ్మెంటోసాలోని కొన్ని రకాల వంటి కంటి జబ్బులకు, దీనికి కాదు.

రక్తపరీక్షతో ఈ మార్పు తేలుతుంది. ఇడెబెనోన్ మందుకు 2015లో ఐరోపాలో అనుమతి వచ్చింది, కొందరికి కొంత చూపు తిరిగివస్తోంది. మేనమామకు చిన్న వయసులోనే రెండు కళ్లూ ఇలా పోయి ఉంటే ఆ సంగతి కంటి డాక్టరుకు మొదటే చెప్పాలి. ఆ ఇంటి ఆడపడుచుల పిల్లలు బీడీ, సిగరెట్, మద్యం జోలికి పోకూడదు. ఈ మార్పు మోస్తున్నవాళ్లలో పొగతాగేవారికి చూపు పోయే ముప్పు బాగా ఎక్కువ.