కొండచరియల నీడలో కుటుంబయాత్ర

మానవుడు ఇల్లు కట్టుట నేర్వకముందే ఇంటిని వెదకుకొనుట నేర్చెను. ఆ వెదకులాటలో అతనికి దొరకిన తొలి కప్పులలో కొండచరియ యొకటి. అమెరికాలోని మెసా వెర్డేలో 12, 13 శతాబ్దులందు అచ్చటి ఆదివాసులు చరియల క్రింద రాతిగోడలు లేపి ఊళ్లే కట్టుకొనిరి. అందు ఒక్క కట్టడముననే దాదాపు 150 గదులు కలవు. మన నల్లమలలో అట్టి ఊళ్లు లేకున్నను, అట్టి చరియలు కలవు. వాని నీడను తపస్సు చేసినవారి కథలు కలవు. నేటికిని దీపము వెలుగుచున్న గుడులు కలవు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములవారికి ఇది రెండు మూడు దినముల యాత్ర. శ్రీశైలమునకు తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము ద్వారములని పెద్దలు చెప్పుదురు. మేము పడమటి ద్వారమున మొదలిడి ఉత్తర ద్వారము చేరునట్లు త్రోవ నేర్పరచుకొంటిమి. గద్వాల కోట చూచి, బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మాలయములను అలంపురమున దర్శించి, పెబ్బేరు, వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేటల మీదుగా రంగాపురము చేరితిమి. అలంపురమున కూడవెల్లి సంగమేశ్వరాలయమును పిల్లలకు తప్పక చూపవలెను. శ్రీశైలము జలాశయమున మునుగవలసిన ఆ గుడిని రాయి రాయిగా విప్పి తెచ్చి, ఇచ్చట మరల నిలిపిరి.

ఇక చరియ యెట్లేర్పడును? మైదానమున మనము చూచు గుండ్లు గ్రానైటు రాయి. నల్లమల అంచున ఆ రాతిపై క్వార్ట్జైటు అను గట్టి రాయి పొరలుగా పరచుకొనియున్నది. నూరు కోట్ల యేండ్లకు పూర్వము పేరుకొన్న ఇసుకయే అట్లు బండగా మారినది. పొరల నడుమ అక్కడక్కడ మెత్తని రాయియు కలదు. వాననీరు బీటలవెంట దిగి, మెత్తని పొర తగిలినచోట ప్రక్కకు పారి ఊటగా బయటపడును. తడిసిన పొర అరిగిపోవును. పై బండ గొడుగువలె ముందుకు నిలుచును. అందుచేత నీడయు నీరును తరచు ఒకేచోట దొరకును. ఉమామహేశ్వరమున బండ నీడను గుడియు, పాపనాశనమను నీటిఊటయు దగ్గరదగ్గరగా నుండుట గమనింపుడు. నీరులేని నీడ మజిలీయే గాని నివాసము కాదు.

శ్రీశైలము పాతాళగంగ రేవునుండి పడవలో పోయినచో అక్కమహాదేవి గుహలు కనబడును. 12వ శతాబ్దికి చెందిన ఈ కన్నడ వచనకవయిత్రి ఇచ్చట తపస్సు చేసెనని ప్రతీతి. ముందు సహజముగా ఏర్పడిన రాతితోరణము, లోపల ఇరుకైన చీకటిదారి, తుదను శివలింగము. లావుపాటివారును, ఊపిరి ఇబ్బంది గలవారును లోనికి పోకుండుట మేలు.

ఈ అడవికి యజమానులవలె మెలగినవారు చెంచులు. వారి చిన్న ఊళ్లను పెంటలందురు. 1940లో వారి నడుమ నివసించిన హైమెన్‌డార్ఫ్ పండితుడు 1943లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించెను. తీగల త్రాళ్లతో చరియలపైనుండి దిగి తేనె తీయుట వారి విద్య. పెంటలోనికి పోయినపుడు, ఇతరుల వాకిట నిలిచినట్లు నిలువవలెను. అడుగక ఛాయాచిత్రము తీయరాదు.

గుడారము విషయము. ఇది అమ్రాబాద్ పులుల రక్షితారణ్యము. తోచినచోట డేరా వేయరాదు. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు శ్రీశైలము అడవిదారిన వాహనములను విడువరు. మేము అచ్చంపేటకు ఈవలనే, యజమాని అనుమతితో, ఒక మామిడితోటలో గుడారము వేసికొంటిమి. జొన్నరొట్టెలు, నువ్వులపొడి, పులిహోర ఇంటినుండియే తెచ్చుకొన్నందున పొయ్యి వెలిగింపవలసిన పని లేకపోయెను. వేసవిలో ఎండుటాకులపై పడిన ఒక్క నిప్పురవ్వ కొండనంతటిని కాల్చగలదు. చరియలకు వ్రేలాడు తేనెపట్టుల క్రింద పొగపెట్టుటయు, కేకలు వేయుటయు ప్రాణాపాయము.

మెసా వెర్డే నివాసులు 13వ శతాబ్దాంతమున ఊళ్లు విడిచి వెడలిపోయిరి. కరువు అందుకొక ముఖ్యకారణమని పండితుల మాట. చరియ నిలిచినది, నీరు నిలువలేదు. మన ఊటకు నీరిచ్చునది పైనున్న అడవి. అందుచేత ఊటకడ సబ్బు వాడక, ప్లాస్టిక్కు సంచి విడువక, పచ్చని కొమ్మ విరువక తిరిగివచ్చిన కుటుంబమే ఈ యాత్ర సరిగా చేసినట్లు.