రేగడి బాట, ఎఱ్ఱనేల బాట
సైకిలుపై పాలబిందెలను, విత్తనపు మూటలను సంఘమునకు చేరవేయు రైతు సోదరులకు బాట గుణము తెలిసియుండవలయును. కంకర పఱవని బాటలన్నియు నొకటి గావు.

అనంతపురము జిల్లా ఎఱ్ఱనేలలలో ఇసుకపాలు హెచ్చు. వాననీరు త్వరగా నింకి, కొన్ని గంటలకే చక్రము సాగును. వేసవిలో గులకరాళ్లపై జాఱుట యొక్కటియే చిక్కు. నంద్యాల ప్రాంతపు నల్లరేగడి యట్లు గాదు. అందలి బంకమన్ను నీరు పీల్చి యుబ్బును, ఎండినచో ముడుచుకొని నెఱ్ఱెలు విచ్చును. ఒకయేడు తొలకరిలో మేము ప్రత్తివిత్తుల మూటతో నట్టి బాటను బోవుచుండగా, పది బారలు సాగకమునుపే మడ్గార్డు నిండ మన్ను పట్టి చక్రము నిలిచిపోయెను. సైకిలును భుజమున మోసికొని పోయితిమి. మూట తడిసెను, విత్తు చాలవఱకు చెడెను. రేగడి సీమవారు వానకాలమున మడ్గార్డులు తీసివేయుట మంచిది. విత్తనమును వానకు ముందే తెచ్చుకొనుట యంతకన్న మంచిది.

గోదావరి డెల్టాలో పెక్కుచోట్ల కాలువగట్లే బాటలు. గట్టుమీద నీరు నిలువదు గాని, తడిసిన ఒండ్రుమన్ను జాఱును, ప్రక్కనే కాలువ. అచ్చట దిగి నడచుటకు సిగ్గుపడరాదు. సముద్రతీరపు ఇసుకలో టైరుగాలి కొంచెము తగ్గించినచో చక్రము అంతగా దిగబడదు. గట్టిబాట చేరగానే మరల గాలి కొట్టుకొనవలయును గనుక పంపు వెంట నుండవలయును.